బల్లకు ముందు శనివారం

వేదపాఠశాల ముగించుకుని సంఘాలకు వెళ్తున్న మీరు, పాస్టరు ఉద్యోగం నిజంగా ఎలా ఉంటుందో రాసివ్వమని అడిగారు. ఏ ఊళ్ళో ఎన్నేళ్ళు చేశాను, ఏ మందిరానికి పైకప్పు వేయించాను, ఏ కమిటీలో కూర్చున్నాను అన్నవి రాయను. అవి రిజిస్టర్లలో ఉన్నాయి, ఓపిక ఉన్నవాళ్ళు చూసుకోవచ్చు. పాఠశాలలో మీకు గ్రీకు నేర్పారు. ప్రసంగాన్ని మూడు భాగాలు ఎలా చేయాలో నేర్పారు. ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడం మానేస్తే ముందు ఎవరి గడప తొక్కాలో మాత్రం ఎవరూ నేర్పరు. నా ఉద్యోగంలో సగానికి పైగా అదే పని. అందులో నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి ఎక్కువగా రాస్తాను. మంచి పనులు చెప్పుకోవడానికి వీడ్కోలు సభ ఎలాగూ పెట్టారు.

ఏ జంతువు?

నేను పని నేర్చుకున్నది హయత్‌నగర్‌లో, శామ్యూల్ అయ్యగారి దగ్గర. కోపిష్టి మనిషి. నా ప్రసంగం గురించి ఆయన ఒక్క మంచి మాట అన్న గుర్తు లేదు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది కదా, దాని ముందు రోజు నన్ను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న: మీకు ఎవరితోనైనా పడకుండా ఉందా? ఉందంటే అక్కడే కూర్చునేవారు. రేపు రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలంటే ఇవాళ వెళ్ళి మాట కలుపుకుని రావాలి. లేకపోతే బల్లకు రాకూడదు. మా సంఘాల్లో అది పాత పద్ధతి. ఇప్పుడు కొన్నిచోట్ల ఫోన్లో మెసేజ్ పెట్టి అడుగుతున్నారట. దానికి అందరూ చేతులు జోడించిన బొమ్మ పంపిస్తారు, పని అయిపోతుంది.

ఆయన దగ్గర రెండు నియమాలు నేర్చుకున్నాను. ముందు చిన్న ఇంటికి వెళ్ళాలి, తర్వాతే పెద్ద ఇంటికి. టీ తాగితే రెండిళ్ళలోనూ తాగాలి, లేదంటే ఎక్కడా తాగకూడదు. ఇవి కాక ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఎవరైనా తగాదా అని నోరు తెరవగానే, ఏ జంతువు అని అడిగేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. పోనుపోను తెలిసింది, ఊరి తగాదాల్లో చాలావాటి మధ్యలో ఒక జంతువు ఉంటుందని. ఆరబోసిన మిరపకాయలను కెలికిన కోడి, పొద్దస్తమానం మొరిగే కుక్క, పక్కింటి దడి తొక్కిన బర్రె. ఒకచోట అన్నదమ్ములిద్దరు ఒక కోడిపుంజు విషయంలో ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు. పుంజును ఎప్పుడో వండుకుని తిన్నారు, మాటలు మాత్రం కలవలేదు.

"జంతువుకు ఎవరి మీద పగ ఉండదు," అనేవారు శామ్యూల్ అయ్యగారు. "అది నిన్న నడిచిన బాటనే ఇయ్యాల నడుస్తది. కొట్లాట వచ్చిందంటే ఆ బాట మీద మనిషి ఏదో మార్చిండన్నట్టు. అదేందో చూడు ముందుగాల."

ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకున్నంత మాత్రాన నేర్చుకున్నట్టు కాదని ఇబ్రహీంపట్నం వచ్చాక తెలిసింది.

మడుగు పోయిన ఎండాకాలం

నేను ఇబ్రహీంపట్నం పక్కన ఉన్న సంఘానికి వచ్చేసరికి సాగర్ రోడ్డుకు రెండు వైపులా చేలల్లో హద్దు రాళ్ళు పాతుతున్నారు. ఎక్కడ చూసినా వెంచరు కమానులు, వాటి మీద రంగు జెండాలు. తుర్కయాంజాల్ దాకా వచ్చిన ఇళ్ళు మా వైపు జరుగుతున్నాయి. మా మందిరంలో అప్పటిదాకా ఊరి కుటుంబాలే, అందరూ చాపల మీద కూర్చునేవారు. కాలనీలు వచ్చాక కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు కూడా చేరాయి. వాళ్ళకోసం వెనక కుర్చీలు వేశాం. సంఘం పెరిగిందని నేను మురిసిపోయాను. చాపలు ముందు, కుర్చీలు వెనక అన్న ఏర్పాటు గురించి ఆలోచించలేదు. వెనక కూర్చున్నవాళ్ళకు ముందు కూర్చున్నవాళ్ళ వీపులు కనిపిస్తాయి, మొహాలు కనిపించవు.

చాపల మీద మొదటి వరుస సారమ్మది. భర్త పోయాక పందులు పెంచుకుని బతికే మనిషి. గొంతు పెద్దది, పాటలో శ్రుతి తప్పేది, తప్పినా ఆపేది కాదు. ఊరి చివర ఆమె గుడిసె, పక్కనే దొడ్డి. దొడ్డికి దిగువన ఒక మడుగు ఉండేది. ఎండాకాలం పందులు పొద్దున పోయి అందులో పడుకుని సాయంత్రం లేచి వచ్చేవి. ఆ మడుగును మట్టితో పూడ్చి దాని మీద కాలనీ కట్టారు. పందులు మాత్రం పాత బాటనే వెళ్ళేవి. మడుగు ఉండాల్సిన చోట వాటికి గేట్లు, పూల కుండీలు, నీళ్ళు పెట్టిన పచ్చిక కనిపించేవి. తడి ఎక్కడుంటే అక్కడ తవ్వేవి.

కాలనీ సంఘం అధ్యక్షుడు రావుగారు నా దగ్గరికి వచ్చారు. తెనాలి వైపు నుంచి వచ్చిన మనిషి, హిందువు, నెమ్మదస్తుడు. గొడవ పెట్టుకోవడానికి రాలేదు. ఒక పసివాడు పందిని చూసి భయపడి పరిగెత్తి పడ్డాడనీ, ఆడవాళ్ళు గేటు తీయాలంటే జంకుతున్నారనీ చెప్పి, "ఆవిడ మీ సంఘం మనిషట కదండీ. మీ మాటైతే వింటుందని వచ్చాను," అన్నారు.

నియమం ప్రకారం ముందు సారమ్మ ఇంటికే వెళ్ళాను. ఆమె ఇచ్చిన టీ తాగాను. పందులను ఎండలు తగ్గేదాకా దొడ్డిలోనే ఉంచమని అడిగాను.

"పందికి గేటు ఎరుకనా అయ్యగారు?" అంది సారమ్మ. "గది బురద లేకుంటే ఎండకు ఓర్వదు. మడుగు పూడ్చినోళ్ళను అడుగుండ్రి, యాడ పండుకోవాలె అని."

సరిగ్గా శామ్యూల్ అయ్యగారు చెప్పిన మాటే. నాకు అర్థమైంది కూడా. అయినా బతిమాలాను. నువ్వు పెద్ద మనసు చేసుకోవాలి, మనం క్రైస్తవులం, నలుగురిలో మన సాక్ష్యం చెడకూడదు అన్నాను. ఆమె ఒప్పుకుంది. తర్వాత రావుగారింటికి వెళ్ళి కాఫీ తాగి, ఆమె ఒప్పుకుందని చెప్పాను. ఆయనను మాత్రం ఏమీ అడగలేదు. కాలనీ కింద పార్కు కోసమని వదిలేసిన లోతట్టు జాగా ఒకటి ఖాళీగానే ఉంది. అందులో ఒక మూల ఇస్తారా అని అడగవచ్చు. ఆ సంగతి తోచలేదని అబద్ధం చెప్పను. తోచింది, అడగడానికి మొహమాటపడ్డాను.

రాజీలు కుదర్చడంలో దిట్ట అని పేరు తెచ్చుకున్నవాళ్ళలో చాలామంది చేసేది ఇదే. ఇద్దరిలో ఎవరు తొందరగా వంగుతారో చూసి వాళ్ళను వంచుతాం, దానికి సమాధానం, అంటే శాంతి, అని పేరు పెడతాం. సారమ్మ ఆ ఎండల్లో బోరింగు నుంచి బిందెలతో నీళ్ళు మోసి పందుల మీద పోసేది. నేను రెండుసార్లు చూశాను. చూసి, మంచి విశ్వాసి అనుకుంటూ సైకిలు తొక్కుకుని వెళ్ళిపోయాను.

నవ్వు

ఆ నెల చివరి ఆదివారానికి మా బైబిలు పాఠాల పట్టిక ప్రకారం వచ్చిన పాఠం, దయ్యాలు పందుల్లోకి చొరబడి మంద మొత్తం నీళ్ళలో పడి చచ్చిన సంగతి. పాఠం నేను ఎంచుకున్నది కాదు. కానీ ప్రసంగం నాదే. బాగా సాగుతోంది, కుర్చీల్లో వాళ్ళు కూడా శ్రద్ధగా వింటున్నారు. ఇంకొంచెం దగ్గర చేసుకుందామని ఒక మాట అన్నాను. పందుల మంద గురించి మన కాలనీవాళ్ళకు నేను విడమరచి చెప్పాలా, మన పెద్దచెరువు కూడా దగ్గరలోనే ఉంది అన్నాను.

మందిరమంతా నవ్వింది. కుర్చీల్లో వాళ్ళు ఎక్కువ నవ్వారు, చాపల మీద కూడా కొందరు నవ్వారు. సారమ్మ కొంగు తల మీదికి లాక్కుని తల దించుకుంది. ప్రార్థన చేసుకుంటోంది అనుకున్నాను. ఇన్నేళ్ళయినా, ఆ మాట కన్నా ఆమెను చూసి నేను అలా అనుకున్నందుకే ఎక్కువ సిగ్గుపడతాను.

ఆ గురువారం పందులు దడి విరగ్గొట్టుకుని కాలనీ వైపు వెళ్ళాయి. ప్రహరీ పక్కన ఎవరో పురుగుల మందు కలిపిన అన్నం పెట్టారు. సారమ్మ ఎర్రది అని పిలుచుకునే తల్లిపంది అక్కడే పడి చచ్చింది. దానికి పాలు తాగే పిల్లలు ఉన్నాయి. అదే అన్నం తిని రావుగారి కుక్క చచ్చింది. రెండు కాకులు చచ్చాయి.

మర్నాడు మా సంఘం పెద్ద దేవదానంగారి ఇంటికి వెళ్ళాను. గుడివాడ వైపు నుంచి వచ్చి అదే కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. భయపడి పరిగెత్తి పడ్డ పసివాడు ఆయన మనవడే. ఎవరు చేసి ఉంటారండీ అని అడిగాను. ఆయన నా మొహం చూడకుండా, "ఎవరు చేస్తే ఏముందండీ. మొన్న మీరు చెప్పిన వాక్యంలోనే ఉంది కదా," అన్నారు. ఇంకేమీ అడగకుండా లేచి వచ్చేశాను.

గంత జల్దీ వద్దు

శనివారం వచ్చింది. అలవాటు ప్రకారం తిరగడం మొదలుపెట్టాను. సారమ్మ గుడిసె చివరికి ఉంచుకున్నాను. ముందు చిన్న ఇంటికి వెళ్ళాలన్న నియమాన్ని నా అంతట నేనే తప్పిన మొదటిరోజు అది.

ఆమె గడప మీద కూర్చుని ఉంది. పరామర్శ మాటలు నాలుగు చెప్పి, అలవాటైన ప్రశ్న కూడా అడిగేశాను. ఎవరితోనైనా పడకుండా ఉందా అక్కా అని.

"ఉన్నది," అంది. "నెల నెలా అడుగుతరు గద, ఈ తాప ఉన్నది. మీతోనే ఉన్నది."

ఇరవై ఏళ్ళు ఆ ప్రశ్న అడిగినవాణ్ణి, నా పేరు జవాబుగా వస్తుందని ఏనాడూ అనుకోలేదు. తప్పయింది అక్కా, క్షమించు అన్నాను వెంటనే.

"గంత జల్దీ వద్దు," అంది సారమ్మ. "అందరి ముంగట నవ్విపిచ్చిండ్రు. ఇంట్ల కూసోని చెప్తే ఎట్ల?"

అక్కడి నుంచి బస్సు ఎక్కి హయత్‌నగర్ వెళ్ళాను. శామ్యూల్ అయ్యగారు అప్పటికి రిటైరై మంచాన ఉన్నారు. సంగతంతా చెప్పి, మందిరంలో లేచి క్షమాపణ చెప్తే పాస్టరు మాటకు విలువ పోతుందేమో, కాలనీవాళ్ళు దూరమవుతారేమో అన్నాను.

"ఇరవై ఏండ్లు అందరిని అడిగినవ్," అన్నారు. "నిన్ను ఎవ్వరన్న అడిగిండ్రా? ఇయ్యాల ఆమె అడిగింది. నువ్వు బల్ల దగ్గర ఎట్ల నిలబడ్తవో చూసుకో."

ఇంకేమైనా చెప్తారేమోనని ఆశపడి కాసేపు కూర్చుని, లేచి వచ్చాను.

తెల్ల అంగీ

ఆదివారం తెల్ల అంగీ వేసుకుని బల్ల ముందు నిలబడ్డాను. రొట్టె మీద గుడ్డ తీయలేదు. నేను ఒక మనిషి బతుకుతెరువును మీ అందరి ముందు నవ్వులపాలు చేశాను, ఆమె దగ్గరికి వెళ్ళి మాట కలుపుకోనిదే ఈ బల్ల ముట్టుకునే యోగ్యత నాకు లేదు, ఈ ఆదివారం బల్ల ఇవ్వను అని చెప్పాను. ఎవరికీ ఏమీ అర్థం కానట్టు కూర్చున్నారు. పొద్దుటి నుంచి ఉపవాసం ఉన్న ముసలివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దేవదానంగారు లేచి బయటికి వెళ్ళిపోయారు. ఇంత చేసి, మొదటి వరుస చాప చూస్తే సారమ్మ లేదు. ఆమె రానేలేదు.

అదీ నా తెలివి. ఎవరికి చెప్పాలో ఆమె లేకుండానే అంతా చెప్పేశాను. ఇక అలాగే అంగీతోనే నడిచి ఆమె ఇంటికి బయలుదేరాను. వెనక పదిమంది కన్నా ఎక్కువ రాలేదు. మిగతావాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయారు. కాలనీ పక్కనుంచి వెళ్తుంటే రావుగారు గేటు దగ్గర నిలబడి చూశారు. ఆయన పెరట్లో కుక్కను పాతిపెట్టిన మట్టి ఇంకా కొత్తగానే ఉంది. ఏమీ అడగకుండా ఆయన కూడా చెప్పులు వేసుకుని మా వెనక వచ్చారు.

సారమ్మ దొడ్డిలో బురదలో కూర్చుని తల్లిలేని పిల్లలకు సీసాతో పాలు పడుతోంది. దొడ్డి బయట నిలబడి మొదలుపెట్టబోయాను. లోపలికి రమ్మంది. వెళ్ళాను. అందరి ముందు, మందిరంలో అన్న మాట మళ్ళీ అని, అది తప్పని, ఆ నవ్వే ఆ అన్నంలో మందు కలపడానికి ధైర్యం ఇచ్చి ఉంటుందని చెప్పాను. ఆమె సీసా దింపకుండా అంతా వింది. క్షమించాననో లేదనో అనలేదు. ఒడిలో పాలు తాగడం అయిన పిల్లను ఎత్తి నా చేతికిచ్చింది.

"జర గీన్ని పట్టుకోండ్రి," అంది. "ఇంకోటి ఆకలి మీదున్నది."

పట్టుకున్నాను. వెచ్చగా ఉంది, గుండె గబగబా కొట్టుకుంటోంది. అంగీ అంతా బురదైంది. చూస్తున్నవాళ్ళలో ఎవరూ నవ్వలేదు.

రావుగారు వంగి ఇంకో పిల్లను ఎత్తుకున్నారు. మా కుక్క కూడా ఆ అన్నమే తిందమ్మా అన్నారు. తెల్వదు బాపు, పాపం అంది సారమ్మ. ఆ తర్వాత నేను కలగజేసుకోవాల్సిన అవసరమే రాలేదు. పార్కు జాగాలో లోతట్టు మూలకు కంచె వేయించి బోరు నీళ్ళు వదిలించింది రావుగారే. కాలనీలో ఇంటింటికీ తిరిగి ఒప్పించిందీ ఆయనే. ఇళ్ళలో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు సారమ్మ బకెట్లతో పట్టుకెళ్ళేది. పందులు మళ్ళీ పొద్దున పోయి బురదలో పడుకుని సాయంత్రం వచ్చేవి. వాటికి కావలసింది ఎప్పుడూ అంతే.

ఎప్పటికీ అలాగే సాగిందని చెప్పను. కొన్నేళ్ళకు ఆ జాగా కూడా అపార్టుమెంటైంది. అప్పటికి సారమ్మకు మోకాళ్ళు పట్టేశాయి, పందులను తనే అమ్మేసింది. కానీ ఎవరూ ఎవరికీ మందు పెట్టకుండా గడిచిన ఆ కొన్నేళ్ళను నేను చిన్నవి అనుకోను. మీరూ అనుకోకండి.

నేను అడగని ఇల్లు

దేవదానంగారు మూడు నెలలు మందిరానికి రాలేదు. నాలుగో నెల వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. ఆ తర్వాత ఒకసారి చూస్తే చాప మీద కూర్చున్నారు. నేను తొందరపెట్టకుండా ఓపిక పట్టినందుకే తిరిగి వచ్చారని అనుకున్నాను. ఒకరిద్దరితో అన్నాను కూడా. నిజానికి అది ఓపిక కాదు, భయం. శనివారాలు ఆయన ఇంటికి వెళ్ళేవాణ్ణి, టీ తాగేవాణ్ణి, మనవడి చదువు గురించి అడిగేవాణ్ణి. ప్రశ్న మాత్రం అడిగేవాణ్ణి కాదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని.

రిటైరయ్యే ముందు చివరి శనివారం అడిగాను. ఇద్దరం ముసలివాళ్ళమయ్యాం, ఇంకా ఎప్పుడు అడుగుతాను అనిపించింది. మీకు ఎవరితోనైనా పడకుండా ఉందా అన్నాను.

దేవదానంగారు గ్లాసు కింద పెట్టారు. "ఆ అన్నం పెట్టింది నేనేనండీ," అన్నారు. "ఆవిడకి ఎప్పుడో చెప్పేశాను."

ఎప్పుడు అని అడిగాను. మందిరం మానేసిన నాలుగో నెలలో, బల్లకు ముందు శనివారం, సారమ్మ ఆయన గేటు దగ్గరికి వచ్చి నిలబడిందట. లోపలికి రమ్మంటే రాలేదట. ఎవరు మందు పెట్టారని అడగలేదు. నేను అడిగే ప్రశ్ననే తిప్పి, తన మీద ఆయనకు ఏమైనా ఉందా అని అడిగిందట. ఆయన అక్కడే గేటు పట్టుకుని ఏడ్చారట. మర్నాడు ఆదివారం ఆయన వచ్చింది అందుకు. నా ఓపిక చూసి కాదు.

ఆ ఇంటి నుంచి తిన్నగా సారమ్మ దగ్గరికి నడిచాను. చూపు తగ్గింది, నా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టి మంచం మీద జరిగి చోటిచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ మనిషి పక్కనే మోకరించి ఒకే గిన్నెలోంచి తీసుకుంటూ వచ్చింది, నాతో ఒక్క మాట అనలేదు. నా పని నువ్వు చేశావు, నాకెందుకు చెప్పలేదక్కా అని అడిగాను.

"చెప్తే మీరు మల్ల బల్ల ఆపేటోళ్ళు అయ్యగారు," అంది సారమ్మ. "ఉపాసమున్న ముసలోళ్ళు ఉంటరు గద."